ఎవరి బాపు?

"మీ నాన్న పేరేంటమ్మా?" అడిగింది సుప్రజ.

"బాపు," అంది ప్రియాంక.

"మరి మీ నాన్న పేరు?"

"బాపు," అన్నాడు ఆకాశ్.

శామీర్‌పేట చెరువు ఒడ్డు నుంచి వచ్చే పిల్లలందరూ అదే పేరు చెప్పారు. కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ వరసబెట్టి అలాగే రాసేసుకుంది.

సాయంత్రం ప్రియాంకను తీసుకెళ్లడానికొచ్చిన వాళ్ల నాయనమ్మ యాదవ్వ కడుపు పట్టుకుని నవ్వింది.

"గది పేరు గాదు మేడం! మా దిక్కు నాయినను బాపు అంటరు."

సుప్రజకూ నవ్వాగలేదు.

తూంకుంట దాటాక ఉన్న చిన్న బడి అది. సగం మంది కాలనీల ఉద్యోగస్తుల పిల్లలు, మిగతావాళ్లు చేపలు పట్టేవాళ్ల పిల్లలు. ర్యాంకులు లేని బడే. అయినా నడిపే జోగారావుకు మాత్రం అనుమానం.

"చెరువు పిల్లలు వెనకబడితే, వచ్చే ఏడు వాళ్ల సీట్లు కాలనీ వాళ్లకే ఇచ్చేద్దామమ్మా."

"వెనకబడరు సార్. నేనున్నాగా," అంది సుప్రజ.

నిజంగానే వెనకబడలేదు. ఇంట్లో అక్షరమ్ముక్క వచ్చినవాళ్లు లేకపోయినా, చెప్పిన పాఠం మర్నాటికి గడగడా అప్పజెప్పేవాళ్లు. అంతా తన గొప్పే అని మురిసిపోయింది పంతులమ్మ.

ఒక్కటే చిరాకు. రోజూ కిటికీ అవతల ఓ మనిషి. కాళ్లకు బురద, భుజాన వల. పెదాలు ఏదో గొణుగుతుండేవి.

"ఎవరతను?"

"బాపు!" అన్నారు పిల్లలు ఒక్కసారే కిటికీకేసి తిరిగి.

ఎవరి నాన్నో అనుకుని బయటికెళ్లింది.

"మీరిలా నిలబడితే పిల్లల ధ్యాస పాఠం మీద ఉండదండీ. పేరెంట్స్ మీటింగుకి రండి. క్లాసు టైములో వద్దు."

అతనేదో చెప్పబోయి తలొంచుకున్నాడు.

"మంచిది మేడం. ఇగ రాను."

మళ్లీ రాలేదు.

నెల తిరక్కుండానే చెరువు పిల్లల చదువు కుంటుపడింది. ప్రియాంక వొత్తుల దగ్గర తడబడుతోంది. ఆకాశ్ నోరే విప్పడు. జోగారావు అడగనే అడిగాడు, "సీట్ల సంగతి ఏం చేద్దామమ్మా?" అని.

"కొంచెం ఆగండి సార్," అంది సుప్రజ. బడి వదలగానే పంతం పట్టి చెరువు దగ్గరకు నడిచింది.

ఒడ్డున ఓ గుండ్రటి పుట్టి పడవ బోర్లించి ఉంది. తారు పూసిన దాని నల్లటి అడుగు మీద సుద్దముక్క రాతలు. తను చెప్పిన పాఠాలే, సగం చెరిగిపోయాయి.

అక్కడే వల బాగుచేసుకుంటున్న యాదవ్వను అడిగింది, "ఇవెవరు రాశారు?"

"రామయ్య. మీ కిటికీలకెల్లి సూసి, పొద్దూకినంక గీడ పోరగాళ్లకు నేర్పెటోడు. మీరు రావద్దన్నంక ఏం నేర్పుతడు? యాడనో డ్యాముకాడ చేపల పనికి పోయిండు. ఫోన్ గూడ లేదు."

"ఎవరి నాన్న అతను?"

"ఎవ్వలకు గాదు. పెండ్లే జేసుకోలె. పోరగాళ్లే ప్రేమతోని బాపు అంటరు."

"మరి ఎంతవరకు చదివాడు?"

"సదువా?" నవ్వింది యాదవ్వ. "మీ కిటికీకాడనే గద మేడం, అ ఆలు షురూ జేసింది!"

సుప్రజ చున్నీతో కళ్లు తుడుచుకుని, పుట్టి పక్కనున్న సుద్దముక్క అందుకుంది.

"పిల్లల్ని పిలవండి. అతనొచ్చేదాకా రోజూ నేనే వస్తాను."

"మీకేమైతడని గింత పరేషానైతున్నరు?"

"నా క్లాసు పిల్లాడు యాదవ్వా. నేనే బయటికి పంపేశాను."