తాజా ఈకలు

పదో రోజు పిండం పెట్టి గంట దాటింది. చెరుకుతోట గట్టు మీద ఒక్క కాకీ వాలలేదు.

"నాయిన మనసుల ఏదో ఉండిపోయిందన్నా. నువ్వు మొక్కు," అంది బాలమణి.

మదన్‌మోహన్‌కు ఆ ఏదో తెలుసు. తను బొంబాయిలో హార్ప్సికార్డ్ అనే పాతకాలపు విలాయతీ బాజా వాయిస్తూ, ఓ బృందాన్ని నడుపుతున్నాడు. మెట్టు నొక్కితే లోపల కాకి ఈక ముక్క తీగను మీటుతుంది. ఆ విద్య కూడు పెట్టదని తిడుతూనే, నాయన నెలనెలా లారీ డ్రైవరు చేతికి ఈకలిచ్చి పంపేవాడు.

చేతులు జోడించాడు. "బాజా బంద్ చేస్త నాయినా. వచ్చి ముట్టు."

"అట్ల మొక్కకన్నా! నీ బాజా ఆగొద్దనే గద ఆయన బాధంత."

"మరి కాకి ఎందుకొస్తలేదే?"

బాలమణి చూపు తిప్పుకుంది.

"రాలిన ఈకలు విరుగుతున్నయి, తాజావి పంపమని ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది నువ్వే రాస్తివి. అప్పటిసంది కాకులను వల ఏసి పట్టి, రెక్కల ఈకలు పీకి ఇడిచేటోడు. జహీరాబాద్ల కాకులు దొరక్క చిరాగ్‌పల్లి దాక పోయేటోడు."



చెరుకు ఆకులు గలగలమన్నాయి. ఒక కాకి బయటికొచ్చింది. ఎగరలేదు, నడిచే వచ్చింది. రెక్కలు బోసిగా ఉన్నాయి.

"వచ్చిందన్నా!"

కాకి విస్తరి దగ్గర ఆగలేదు. పిండాన్ని దాటుకుని, జోడించి ఉన్న మదన్‌మోహన్ వేళ్ల వైపు నడిచింది.