సూది ఎవరి చేతికి?

కరుణమ్మ సూది ఎత్తగానే జ్వరంతో వచ్చిన అప్పలమ్మ సంబరంగా చెయ్యి చాపింది.

చోడవరం ఆసుపత్రిలో కరుణమ్మ రక్తం తీయడం నేర్చుకుంటోంది. ఈసారీ నరం దొరక్కపోతే ఇంటికి పొమ్మన్నాడు, పక్కనే నిలబడ్డ డాక్టరు.

“మంచి మందు ఎక్కించు గుంటా. జొరం దెబ్బకి దిగిపోవాల,” అంది అప్పలమ్మ.

మందు కాదంటే చెయ్యి లాగేసుకుంటుంది. చెప్పకుండా కానివ్వమని డాక్టరు కన్ను గీటాడు. కరుణమ్మ నోరు ఊరుకోలేదు.

“మందు కాదు పిన్నీ. పరీక్షకి నీ రక్తం తీస్తన్నాను.”

చెయ్యి చటుక్కున కొంగులోకి పోయింది. డాక్టరు తల పట్టుకున్నాడు. పని పోయినట్టేననుకుంది కరుణమ్మ.

అప్పలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

“పోయినేడు ఎమర్జెన్సీలో బలానికి సూదిమందని మా ఇంటాయన్ని గవర్నమెంటోళ్లు జీపెక్కించి తీసుకుపోయేరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ సేసి పంపేరు. ఒక్కడూ ముందు సెప్పలేదు. నువ్వు సెప్పేవు. తియ్యి.”

చెయ్యి బయటికొచ్చింది. నరం దొరికింది. గాజు సిరంజిలోకి రక్తం ఎక్కింది.

డాక్టరు ఊపిరి పీల్చుకుని, జ్వరానికి మందు సూది తనే అందుకున్నాడు.

చెయ్యి మళ్లీ కొంగులోకి పోయింది.

“నువ్వొద్దు బాబూ. కన్ను గీటేవు, నాను సూసేను. సూది ఆ గుంటకియ్యి.”