తాళం తప్పినవాళ్లు

“గ్రేస్, వాళ్ల పాట నా పాటతో కలిసి వినపడాలి. వెనకబడిందంటే ఒప్పుకోను,” అన్నాడు ఫిలిప్ మాస్టారు.

బందరు చర్చి స్వర్ణోత్సవం దగ్గరపడింది. ఇక్కడి క్వయర్, గుడివాడ చర్చి క్వయర్ ఇంటర్నెట్‌లో ఒకే పాట కలిసి పాడాలని మాస్టారి కోరిక. 2007లో బందరులో ఆ పని చేయగలనన్నది నెట్ సెంటర్ నడిపే గ్రేస్ ఒక్కతే.

గ్రేస్ ఒకప్పుడు ఆయన క్వయర్‌లోనే పాడేది. ఓ ఈస్టర్ ఆరాధనలో ఆయన పాట మధ్యలో ఆపి, “ఈ అమ్మాయికి తాళం లేదు. దిగిపొమ్మనండి,” అన్నాడు. నిండు సంఘం చూస్తుండగా దిగి వచ్చేసింది. ఆ తర్వాత వంటింట్లో కూడా ఆమె గొంతు విప్పలేదు.

“ఆలస్యం కాకుండా ఎలా పంపుతావు?” అని అడిగాడు మాస్టారు.

“మామూలుగా నెట్‌లో పాట కాస్త పోగయ్యాకే వినిపిస్తుందండీ. నేను పెట్టే ప్రోటోకాల్, అంటే పాట పంపే పద్ధతి, అలా పోగేసుకోదు. దారిలో ఏ ముక్కయినా పోతే దానికోసం ఆగదు. వచ్చింది వచ్చినట్టు వినిపించేస్తుంది.”

ఇంటికొచ్చాక భర్త విల్సన్ నవ్వాడు. “కసి తీర్చుకునే రోజు రానే వచ్చింది. ఆలస్యం పెంచేస్తావా ఏంటి?”

“తగ్గిస్తానండీ. బొత్తిగా లేకుండా చేస్తాను.”

“అదెలా కుదురుతుంది? నెట్ అన్నాక ఎంతో కొంత ఉంటుందిగా?”

గ్రేస్ గుడివాడ చర్చికి ఫోన్ కలిపింది.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. తెర మీద గుడివాడ వాళ్లు కనబడగానే చప్పట్లు మోగాయి. మాస్టారు పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణానికి ఆయనొక చోట, వాళ్లొక చోట. పల్లవికి వచ్చేసరికి ఎవరి పాట వాళ్లదయింది. వెనక వరసల్లో కిసకిసలు. మాస్టారు పాట ఆపి మైకు అందుకున్నాడు.

“క్షమించాలి. తప్పంతా నెట్‌ది. గ్రేస్‌కి అప్పుడూ తాళం లేదు, ఇప్పుడూ లేదు!”

సంఘం గొల్లుమంది. గ్రేస్ ముఖం ఎర్రబడింది. అయినా లేచి నిలబడింది.

“ఆలస్యం లేకపోతే మీ తాళం తప్పేది కాదంటారా మాస్టారూ?”

“ముప్ఫయ్యేళ్లుగా పాడిస్తున్నాను! ఆలస్యం లేకుండా నా తాళం తప్పితే ఇప్పుడే క్వయర్ వదిలేస్తాను. సంఘమే సాక్షి.”

“అందరూ విన్నారు కదండీ?”

గ్రేస్ ఆయన చేతిలోంచి మైకు తీసుకుని, తెర వైపు తిరిగి, “ఇక రండమ్మా,” అంది.

చర్చి పక్కనే ఉన్న సండే స్కూలు గదిలోంచి గుడివాడ క్వయర్ నడిచి వచ్చింది.