ఆవులించే మనిషి

పక్క గది శంకర్రావు ఇనప బకెట్టు గదుల ముందు గ్యాలరీలో ధడాలున పెట్టాడు. మరుక్షణం కాల్యా అతని పిక్క పట్టుకుంది.

ముంబై కామాఠీపురాలోని ఆ చాళ్‌లో వరుస గదుల వాళ్లంతా రెండో అంతస్తుకు పరుగెత్తుకొచ్చారు.

కాల్యా సపన వాళ్ల కుక్క. ఆరేళ్లుగా వాళ్ల గడప ముందే పడుకుంటుంది, ఎవరినీ ఏమీ అనేది కాదు. మొన్నొక పెళ్లి బరాత్‌లో పటాకుల లడీ దాని పక్కనే పేలింది. అప్పటినుంచి గిన్నె చప్పుడైనా పళ్లు చూపిస్తోంది.

శంకర్రావు సూది వేయించుకుని వచ్చి మరీ అరిచాడు.

"దీన్ని గాడికి పట్టియ్యకపోతే నా పేరు శంకర్రావే గాదు!"

గాడి అంటే కరిచే కుక్కల్ని ఎత్తుకుపోయే మున్సిపాలిటీ బండి. అదెక్కిన కుక్క తిరిగిరాదని చాళ్‌లో అందరికీ నమ్మకం.

సపనకు రెండు వైపులా భయమే. గాడి వస్తే కాల్యా పోతుంది. రాకపోతే ఆరేళ్ల కూతురు రుతుజ గతేమిటి? కాల్యా మెడ పట్టుకుని నడక నేర్చిన పిల్ల ఇప్పుడు దాన్ని దాటి గ్యాలరీ చివర సండాస్‌కు కూడా పోవడం లేదు. బిగబట్టుకుని ఏడుస్తోంది.

మర్నాడు పొద్దున్నే ఒక బక్కపలచని మనిషి మెట్లెక్కి వచ్చాడు.

"చెల్లె, మీ కుక్క కరిచిందంట గద?"

సపన గడపకు అడ్డంగా నిలబడింది. "మీరెవరు?"

"మనోన్నే. మక్తల్ దిక్కు మాది. కుక్కల సంగతి జర తెలుసు. దానిది కోపం గాదు, భయం. పది దినాలు రానియ్యి, మంచిగైతది."

మనోన్నే అనేసరికి సపన కాదనలేకపోయింది.

రోజూ ఏడింటికి వచ్చేవాడు. కాల్యా వైపు చూసేవాడు కాదు. పక్కకు తిరిగి కూర్చుని, నోరంతా తెరిచి ఆవులించేవాడు. ఏదో గొణిగేవాడు. స్టీలు గ్లాసు మీద వేలితో టక్కున కొట్టి, ఉడికించిన లివర్ ముక్క గడప దగ్గర వేసేవాడు. మర్నాడు ఆ చప్పుడు కొంచెం పెంచేవాడు.

"అట్ల ఆవులిస్తవేందన్నా?"

"నీతోని నాకు లొల్లి లేదు అని దాని భాషల జెప్పుడు. కండ్లల్ల కండ్లు పెట్టి సూస్తే కొట్లాటకొచ్చిండనుకుంటది."

అత్త రత్నాబాయి తలుపు సందులోంచి చూస్తూ వేరే లెక్క కట్టుకుంటోంది. ఆవులింతలు. గొణుగుడు. గడప మీద మాంసం. చిన్నప్పుడు ఊళ్లో తన చిన్నమ్మకు ఎవరో బాణామతి చేసి చంపారని ఇప్పటికీ నమ్మే మనిషి ఆమె. ముంబైకి వచ్చి యాభై ఏళ్లయినా ఆ భయం ఊళ్లో ఉండిపోలేదు.

తొమ్మిదో రోజు రుతుజ కాల్యాను దాటుకుని సండాస్‌కు వెళ్లొచ్చింది. కాల్యా తోక ఆడించింది, అంతే. సపనకు ఏడుపొచ్చినంత పనైంది.

"రేపటితోని అయిపోతది చెల్లె," అన్నాడతను. "పాప ఇడిసిన గౌను ఒకటియ్యి. దాని మీద ముక్కలు పెడ్త. పాప వాసనొస్తే మంచే జరుగుతదని దానికి ఎరుకైతది."

ఖర్మకొద్దీ ఆ రోజు అమావాస్య.

"ఇన్నరా!" రత్నాబాయి కేకకు చాళ్ దద్దరిల్లింది. "అమాస నాడు పిల్ల ఇడిసిన బట్టలడుగుతుండు! బాణామతిగాడు! నా మనవరాల్ని మింగనీకొచ్చిండు!"

నిమిషంలో పదిమంది పోగయ్యారు. మొదట కాలర్ పట్టుకున్నది శంకర్రావు.

"ఎవడ్రా నువ్వు? ఎవడు పంపిండు నిన్ను?"

అతను ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"లొల్లి జెయ్యకుండ్రి, అది బెదురుతది. రేపొక్కదినం రానియ్యి అవ్వా. ఒక్కటే దినం."

సపన నోరు తెరిచింది. అమావాస్య, పిల్ల గౌను... ఒకవేళ నిజమైతే? తెరిచిన నోరు మూసుకుంది.

అతన్ని మెట్ల మీదికి తోసేశారు. మెట్ల మలుపు దాకా దొర్లిపోయాడు. గోడ పట్టుకుని లేచి, కాలీడ్చుకుంటూ ఫోరస్ రోడ్డు వైపు వెళ్లిపోయాడు.

రత్నాబాయి గడప మీద పసుపునీళ్లు చల్లింది. మనవరాలికి దిష్టి తీసింది. సపన ఆ పూట తన అన్నం కాల్యాకే పెట్టేసింది.

మర్నాడు సరిగ్గా ఏడింటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. సపన గబగబా తలుపు తీసింది.

ఖాకీ బట్టల్లో ఇద్దరు కుర్రాళ్లు. ఒకడి చేతిలో తాడు ఉచ్చు కట్టిన కర్ర.

గాడి వచ్చింది.

కాల్యా మూలకు నక్కి వణికిపోయింది. వాళ్లు సూటిగా దాని కళ్లలోకే చూస్తూ దగ్గరికెళ్లారు. అది పళ్లు చూపించి మీదికి దూకింది. ఉచ్చు మెడకు పడింది.

"ఆయీ, కాల్యా!" రుతుజ తల్లి చీర పట్టుకుని గుక్కపట్టి ఏడుస్తోంది.

సపన వాళ్లకు అడ్డం పడింది. "మంచిగైంది భయ్యా అది! ఇడిసిపెట్టుండ్రి, మీ కాళ్లు మొక్కుత!"

"మేమేం జేస్తం వహినీ. కంప్లేంటున్నది, ఆర్డరున్నది."

శంకర్రావు నసిగాడు. "నేను రాసిచ్చి పది దినాలైతుంది గద. ఇన్నొద్దులు రాంది ఇయ్యాలెందుకొచ్చిండ్రు?"

"ఇన్నొద్దులు ఒకాయన ఆపిండు. కుక్క మంచిగైతుంది, కంప్లేంటు ఎనుకకు తీసుకుంటరు, ఇంకొక్కదినం ఆగుండ్రి అని సాబును రోజూ బతిమాలిండు. నిన్న కాలిరిగి దవాఖానల పన్నడు. ఇగ ఆపేటోడు లేకపాయె."

సపన పక్కకు జరగలేదు. "ఎవరాయన?"

ఖాకీ కుర్రాడు కర్ర రెండోవాడికి అందిస్తూ ఆమెను వింతగా చూశాడు.

"రోజూ పొద్దుగాల మీ గడప కాడనే కూసుంటుండె గద వహినీ, ఆయనే మా గాడి మీద పెద్ద, మా ముకద్దం."