బండ వేషం రోజు

సుబ్బులమ్మ అరుగు మీద కూర్చొని చేటలో బియ్యం చెరుగుతోంది. పక్కన వల్లి రాళ్లేరుతోంది. గొడుగు ముడిచి మెట్లెక్కిన ఆఫీసరమ్మ, కూర్చోకుండానే సంచీలోంచి ఒక కాగితం తీసింది.

"నా పేరు చంద్రకాంతమ్మ. చిత్తూరు నుంచి, బాలికల సదనం నుంచి వచ్చినాను. మీకు పెంపకానికిచ్చిన ఈ అమ్మాయి మీద అర్జీ వచ్చింది. మగవాడి గొంతుతో బూతులు తిడుతుందట. నిజమేనా?"

చేట ఆగిపోయింది. "ఎవురు రాసినారమ్మా?"

"ఎవరు రాస్తే ఏం? నిజమైతే మధ్యాహ్నం బస్సుకే తీసుకుపోవాలి. పిచ్చాసుపత్రిలో పెడతారు. ఇళ్లల్లో ఉంచనివ్వరు."

సుబ్బులమ్మ చేట పక్కన పెట్టింది. అర్జీలో ఉన్నది నిజమే. పదిహేనేళ్ల వల్లి భయపడినప్పుడల్లా ఆ పిల్లలోంచి మునెయ్య వస్తాడు. గొంతు మారుతుంది, కూర్చునే తీరు మారుతుంది. వాడు వెళ్లిపోయాక ఏం జరిగిందో వల్లికి గుర్తుండదు. వీధిలో వాళ్లు గాలి సోకిందన్నారు. పెద్దాసుపత్రి డాక్టరు మాత్రం, "గాలీ లేదు, దయ్యమూ లేదు. పసితనంలో పడిన దెబ్బలు కాసుకోవడానికి తనలోనే ఇంకొకణ్ణి తెచ్చిపెట్టుకుంది. భయపెట్టకండి, నిదానంగా కుదుటపడుతుంది" అన్నాడు. ఆ మాట ఈమెకు ఎలా చెప్పడం? చెబితే అర్జీ నిజమని ఒప్పుకున్నట్టే.

"వల్లీ, ఆఫీసరమ్మకు మంచినీళ్లు తెచ్చియ్యి నాయనా."

వల్లి చెంబు తెచ్చింది.

"ఎందుకైనా మంచిది, బట్టలు సర్దుకో తల్లీ" అంది చంద్రకాంతమ్మ, మెత్తగానే.

చెంబు కిందపడి మెట్ల మీదుగా దొర్లిపోయింది. ఆ పిల్ల రెప్పలు రెండుసార్లు టపటప కొట్టుకున్నాయి. కాళ్లు బారజాపి అరుగు మీద కూలబడి, బొంగురు గొంతుతో విరుచుకుపడింది.

"ఎవుర్నే నువ్వు తీసకపొయ్యేది? కళ్లద్దాల గుడ్లగూబా! నీ పాడె గట్ట!"

అంతా అయిపోయింది అనుకుంది సుబ్బులమ్మ.

అప్పుడే పెరట్లోంచి ఆమె మొగుడు మునస్వామి వచ్చాడు. గంగమ్మ జాతరలో ఆ రోజు బండ వేషం. ఒళ్లంతా కుంకుమ పూసుకొని ఉన్నాడు. వాకిట్లో కొత్త మనిషిని, అరుగు మీద మునెయ్యను చూశాడు. మరుక్షణం, కుంకుమ చేత్తో మునెయ్య రెండు బుగ్గలూ పులిమేశాడు.

"ఓరి నీ మూతి గాల! నాకంటే ముందే మొదులుపెట్టినావా రా యేసం?" అని, ఆఫీసరమ్మ వైపు తిరిగాడు. "తప్పుగా అనుకోబాకండి మేడం. ఈ పొద్దు ఎవురు ఎవుర్నయినా తిట్టచ్చు. తిట్టకుంటే గంగమ్మకు కోపం. పాపకు మొక్కుబడి ఉండాది, మగేసం గట్టింది."

సాక్ష్యం చెప్పడానికన్నట్టు వీధిలో ఎర్రెర్రగా ఒక గుంపు పోతూ, చంద్రకాంతమ్మను చూసి ఆగింది.

"ఓమ్మో గొడుగమ్మా! నిన్ను ఎండలో తోలి నీ మొగుడు యాడ పొణుకున్నాడే?"

వాళ్లు పకపక నవ్వుతూ పోయారు. చంద్రకాంతమ్మ ముఖం కందిపోయింది.

"ఆఫీసర్లను కూడా తిడతారా?"

"కలెక్టరొచ్చినా ఇడిసిపెట్టం మేడం!"

ఆమె కళ్లద్దాలు సవరించుకొని, మునెయ్య పక్కనే అరుగు మీద కూర్చుంది.

"నీ పేరేమి?"

"మునెయ్య."

"వేషం బాగా కట్టినావే."

"యేసమా? యేసం ఈ ముసిలోనిది. నాది గాదు."

"సూసినారా మేడం!" మునస్వామి గట్టిగా నవ్వాడు. "తల నరికినా ఒప్పుకోడు!"

సుబ్బులమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"సరే మునెయ్యా, ఈ ఇంట్లో అన్నం పెడతారా?"

"పెట్టకుంటే నేనూరుకుంటానా? వల్లికి పెరుగన్నం. నాకు సంగటీ, ఎర్రకారమూ. నేనెప్పుడొస్తే అప్పుడు యేడిగా గెలికి పెడ్తాది మాయమ్మ."

సుబ్బులమ్మ చటుక్కున తలెత్తింది. ఇన్నాళ్లూ వాడు ఆమెను 'ఓయ్' అనే పిలిచాడు.

"కొడతారా?"

"ఈళ్లా? ఈ ముసిలోనికి దోమను కొట్టేది గూడా చేతగాదు."

"మరి నన్నెందుకు తిట్టినావు?"

"ఆ పిల్ల భయపడె. దానికి తిట్టను రాదు." వాడు జాపిన కాళ్లు ముడుచుకున్నాడు. "తీసకపోబాక మేడం. ఆడ ఎవురుండారు మాకు?"

చంద్రకాంతమ్మ కార్బను పుస్తకం ఒళ్లో పెట్టుకొని రాయసాగింది. ఆమె రాస్తున్నంతసేపూ మునస్వామి ఊపిరి తిప్పుకోకుండా జాతర కబుర్లు చెబుతూనే ఉన్నాడు. పోయినేడు ఎవరు ఏ వేషం కట్టారో, రేపు బొగ్గు పూసుకొని తోటి వేషం ఎలా కట్టాలో అన్నీ చెప్పాడు. ఆమె తలెత్తలేదు. రాయడం అయ్యాక నకలు కాగితం చించి అతని ఎర్రటి చేతిలో పెట్టింది. సంచీ భుజాన వేసుకొని, గొడుగు తీసుకొని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

"నమ్మేసిందే సుబ్బులూ!" మునస్వామి చతికిలబడ్డాడు. "ఆఫీసరమ్మనే బోల్తా కొట్టించినాను, సూస్తివా!"

"ముందు ఏం రాసిందో సదువయ్యా."

అతను కూడబలుక్కుంటూ పైకి చదివాడు. చదువుతూ చదువుతూ అతని నవ్వు ఆగిపోయింది.

"స్వయముగా విచారించితిని. పిల్లలిద్దరూ క్షేమముగా ఉన్నారు. ఇద్దరినీ ఈ ఇంటనే ఉంచవలెను."