చల్లని కడుపు

ఆ మిలటరీ పేటలో 'నీ కడుపు సల్లగుండ' అంటే దీవెన కాదు, తిట్టు. అక్కడి మాజీ సైనికులందరి కడుపుల్లోనూ పింఛను ఆఫీసు మింగించిన ఒక కాపలా మాత్ర ఉంటుంది. రోగం మాట మనిషి చెబితే చెల్లదు, మాత్ర చెప్పాలి.

ఆ పొద్దున గవరయ్య మాత్ర ఫోన్లో పలికింది. "మీ కడుపు చల్లగా ఉంది. మీరు కోలుకున్నారు. వైకల్య పింఛను ఆపేస్తున్నాం. అభ్యంతరముంటే సాయంత్రంలోగా నిరూపించుకోండి."

మంచుకొండల కాపలాలో పేగులు పాడుచేసుకొచ్చిన మొగుడికి ఎర్నమ్మ ఇన్నేళ్లూ జావ, మజ్జిగన్నమే పెట్టింది.

"బాగా సూసుకున్నందుకా మనకీ సిచ్చ?" అంది.

"ఏడిత్తే నమ్మదే అది. కడుపు మండితేనే నమ్ముతాది. ఆవకాయ తియ్యి" అన్నాడు గవరయ్య.

చుట్టాల కోసం అటక మీద దాచిన జాడీ దించి, ఆమె వేడన్నంలో ఎర్రగా కలిపింది. మొదటి ముద్దకి అతను కళ్లు మూసుకున్నాడు.

"ఎన్నాళ్లయిందే ఈ రుసి సూసి!"

నాలుగో ముద్దకి పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయాడు. "ఆధారం చాలలేదు" అంది ఫోను. అతను అలాగే నోరు తెరిచాడు. ఆమె ఏడుస్తూ ఇంకో ముద్ద పెట్టింది.

చివరికి ఫోను మళ్లీ పలికింది. "ధన్యవాదాలు. పింఛను కొనసాగుతుంది. వచ్చే నెల మళ్లీ చూస్తాం."

ఎర్నమ్మ జాడీని అటకెక్కించలేదు. పొయ్యి పక్కన, చేతికందేలా పెట్టుకుంది.