వాకిలికి ఇటూ అటూ

“ఆవిడతో చెప్పు మూర్నక్కా, నా కోత సరిగ్గానే ఉందని. కుట్టడం చేతకాకపోతే ఆ తప్పు నాది కాదని.”

కటింగ్ విభాగం పెద్ద తుకిరిన్ తోలు మీంచి తలెత్తకుండానే అన్నాడు. మూర్నియాతి నిట్టూర్చి, బూట్ల జత చంకన పెట్టుకుని ఎండలోకి దిగింది. కటింగ్ షెడ్డుకీ కుట్టు షెడ్డుకీ మధ్య నలభై అడుగుల వాకిలి. తొమ్మిదేళ్లుగా రోజుకు పాతికసార్లు దాన్ని దాటీ దాటీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి.

కుట్టు విభాగం పెద్ద ఎందాంగ్, ఆమె నోరు తెరవకముందే చెయ్యి అడ్డంగా ఊపింది.

“ఏమంటాడో తెలుసులే. అంచు అంత సన్నగా కోస్తే సూది ఎక్కడ దింపను, ఆయన నెత్తిమీదా? వెళ్లి చెప్పక్కా.”

ఎప్పుడూ ఇంతే. అన్నీ ముందే తెలిసినట్టు ఆ పొగరు. మూర్నియాతి మళ్లీ ఎండలోకి నడిచింది.

సెమరాంగ్ శివార్లలోని ఆ బూట్ల ఫ్యాక్టరీలో, తొమ్మిదేళ్ల కిందట ఒక విడత సరుకులో ఎడమకాలి బూట్లన్నీ ఒక సైజు తగ్గిపోయాయి. తప్పు నీదంటే నీదని వాళ్లిద్దరూ అందరి ముందూ అరుచుకున్నారు. ఆ రోజుతో మాటలు బంద్. ఆ నెలలోనే మిషన్ సూది దిగి మూర్నియాతి బొటనవేలు వంగకుండా పోయింది. కుట్టలేని మనిషికి అక్కడ పనేముంటుంది? భర్త పోయాడు, ఇద్దరాడపిల్లలు బడిలో ఉన్నారు. మేనేజరు హర్తోనో గడ్డం గోక్కుని, “వాళ్ల మధ్య కబుర్లు మోస్తావా? తాత్కాలికమే సుమా, వాళ్లు దారికొచ్చేదాకా,” అన్నాడు.

వాళ్లు దారికి రాలేదు. విభాగాలు కలిసి పనిచెయ్యడం ఎలాగో నేర్పడానికి జకార్తా నుంచి ఒకాయన వచ్చాడు. ఇద్దరినీ ఒకే జట్టులో పెట్టి తాడు లాగమంటే, ఇద్దరూ ఒకేసారి తాడు వదిలేశారు. మూర్నియాతి పెద్దకూతురి పెళ్లికి ఒకరు పొద్దున వచ్చి వెళ్తే, ఒకరు సాయంత్రం వచ్చారు.

వయసు నిండి ఇవాళ్టితో ఆమె ఉద్యోగం అయిపోతోంది. ఆ పనిలో ఇంకెవరినీ పెట్టడం లేదని హర్తోనో తేల్చేశాడు. రేపటినుంచి వీళ్ల మాటలు మోసేదెవరు? ఈ పంతానికి మూడొందల మంది పని ఆగిపోదూ?

మధ్యాహ్నం ఇంటినుంచి తెచ్చిన కోడి సోతో పులుసు, అన్నం క్యాంటీన్ బల్ల మీద పెట్టి ఇద్దరినీ పిలిచింది. వచ్చారు. చెరో చివరా కూర్చున్నారు.

“ఒక్కటే అడుగుతా,” అంది. “అలిసిపోయాను. రేపు నేనుండను. నా ముందు ఒక్కమాట, ఒక్కటంటే ఒక్కటి మాట్లాడుకోండి. ఇంటికెళ్లి నిశ్చింతగా పడుకుంటాను.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందాంగ్ లేచి వచ్చి, తుకిరిన్ ముందునుంచి సంబాల్ గిన్నె లాగేసింది.

“మొన్న ఆస్పత్రిలో ఏం చెప్పారు? కారం ముట్టుకోవద్దన్నారా లేదా?”

“ఇవాళ ఒక్కరోజుకి వదిలెయ్యవే తల్లీ! మా ఆవిడ కూడా ఇంత సాధించదు.”

మూర్నియాతి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

“మీరు... ఎప్పటినుంచి మాట్లాడుకుంటున్నారు?”

“గొడవైన రెండో నెల నుంచి,” అంది ఎందాంగ్ మెల్లగా.

“మరి ఇన్నేళ్లూ నన్ను ఎండలో ఇటూ అటూ ఎందుకు తిప్పారర్రా? నా మీద మీకేం కక్ష?”

తుకిరిన్ ఆమె చేతిలోని గరిటె తీసుకుని బల్ల మీద పెట్టాడు.

“మేం కలిశామని తెలిస్తే నీ పని పోయేదక్కా.”